లేచే వీధికి ఎర్రపూత

పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం తలుపు తీసిన కోడలు పాలకంటే ముందు వీధి వంక చూసింది. ఆ వీధిలో నిద్ర లేచినవాళ్లెవరైనా మొదట చేసే పని అదే.

"ఎలా ఉంది?" అని వంటింట్లోంచి అత్తగారు అడిగింది.

"లేచే ఉందత్తయ్యా. నిన్నటికంటే కాస్త ఎక్కువే."

"అయితే ఆ నున్నటి చెప్పులు వేసుకుని పోకు."

కింద బజారు దగ్గర మొదలై పైన నీళ్ల ట్యాంకు దాకా పోయే ఆ వీధి రోజూ ఒకే ఎత్తున ఉండేది కాదు. ఒకరోజు చాప పరిచినట్టు పడుకునేది. ఇంకోరోజు గోడకు నిచ్చెన వేసినట్టు నిలబడేది. ఎప్పుడు లేస్తుందో, ఎప్పుడు దిగుతుందో దానికే తెలియాలి. ఇళ్లు వీధితో పాటే లేచి వీధితో పాటే దిగేవి గానీ, గోడలు మాత్రం నిటారుగానే ఉండేవి. బల్ల మీద గ్లాసులో నీళ్లు కూడా తొణికేవి కావు. రొట్టెల దుకాణం ఆయన తోపుడుబండి బయటికి తీసేముందు పైనున్న వాళ్లెవరికో ఫోన్ చేసి, "ఎంత దాకా లేచింది?" అని కనుక్కునేవాడు. కొత్తగా అద్దెకు దిగేవాళ్లకి కుళాయి సంగతీ, కరెంటు మీటరు సంగతీ చెప్పాక ఇంటివాళ్లు ఈ సంగతి కూడా చెప్పేవాళ్లు. వాళ్లు సరేనని తలూపి సామాను దించుకునేవాళ్లు.

కోడలు నగర రోడ్ల శాఖలో పనిచేసేది. రోడ్డు మీద పోసే తారు, కంకర, గీతలు గీసే రంగులు, అన్నీ ముందు ఆమె గదిలోకి వచ్చేవి. ఆమె వాటిని కొట్టి, గీకి, తడిపి, ఎండబెట్టి, పనికొస్తుందో రాదో తేల్చేది. రంగుల పరీక్షలన్నీ ఆమె చేతి మీదుగానే జరిగేవి కాబట్టి ఆఫీసులో ఆమెకి రంగులమ్మ అని పేరు పడిపోయింది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి గోళ్లలో ఏదో ఒక రంగు ఇరుక్కుని ఉండేది. అత్తగారు ఆ చేతులు పట్టుకుని, "ఇవాళ ఏ రంగు?" అని అడిగేది.

ఒకప్పుడు అలా అడగాల్సిన అవసరం ఉండేది కాదు. ఆవిడ దర్జీ. ముందుగదిలో కిటికీ పక్కన కుట్టుమిషను వేసుకుని, వీధివీధంతటికీ బట్టలు కుట్టిన మనిషి. నల్ల గుడ్డ మీద నల్ల దారంతో వేసిన కుట్టుని దీపం లేకుండా విప్పగలిగేది. అలాంటి కళ్లు రెండేళ్లుగా నడిమధ్యలో మసకబారుతూ వచ్చాయి. ఎదురుగా ఉన్న మనిషి మొహం పొగ వెనకాల ఉన్నట్టుండేది. అంచుల్లో మాత్రం కొంచెం చూపు మిగిలింది. ఇది తగ్గేది కాదని, ఉన్నది కాపాడుకోవడమేనని కళ్ల డాక్టరు నెమ్మదిగానే చెప్పాడు. ఆవిడ కూడా నెమ్మదిగానే విని, బయటికొచ్చాక, "పాపం, చెప్పడానికి ఆయనే ఎక్కువ ఇబ్బంది పడ్డాడు," అంది.

మిషను మీద గుడ్డ కప్పేశారు. ఆవిడ వీధిలోకి వెళ్లడం కూడా మానేసింది. పడుకున్న వీధైతే తడుముకుంటూ పోవచ్చు. గుమ్మం దాటేసరికి ఎంత ఏటవాలుగా ఉంటుందో తెలియని వీధిలో, పక్కనుంచి స్కూటర్లు జారుకుంటూ పోతుంటే, ఎలా నడుస్తుంది? మందులకైనా, జుట్టు కత్తిరించుకోవడానికైనా కోడలే ఆఫీసు మధ్యలో పరుగెత్తుకుంటూ వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేది.

ఆ చెయ్యి పట్టుకోవడం కోడలికి బరువనిపించలేదు. పెళ్లయిన రెండో ఏడే భర్త జబ్బు చేసి పోయినప్పుడు, ఏడుపు కూడా రాని స్థితిలో గదిలో కూర్చున్న ఆమె ముందు అత్తగారు ఒక దరఖాస్తు తెచ్చి పెట్టింది. "నీకు లెక్కలు బాగా వచ్చని వాడు చెప్పేవాడు. చదువుకో. మిషను తిరిగినన్నాళ్లు మనిద్దరికీ లోటుండదు," అంది. మిషను తిరిగింది. కొడుకు పోయిన ఇంట్లో ఆవిడ ఎప్పుడు ఏడ్చిందో కోడలికి తెలియదు. మిషను చప్పుడు మాత్రం తెలుసు. పుస్తకం ముందు కునికిపాట్లు పడుతుంటే ఆ చప్పుడే ఆమెను తట్టి లేపేది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా దానికి కృతజ్ఞతగా ఏమీ చెప్పలేదు. ఆ ఇంట్లో అలా చెప్పుకునే అలవాటు లేదు. చెప్తే అత్తగారు, "ఏమైంది నీకు, జ్వరమా?" అని నుదురు పట్టి చూసేది.

అందుకే వానలు మొదలయ్యే ముందు ఒక ఆదివారం అన్నం తింటూ అత్తగారు, "నేను మా చెల్లెలి దగ్గరికి వెళ్లిపోదామనుకుంటున్నాను," అన్నప్పుడు కోడలి చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"ఎన్నాళ్లకి?"

"వెళ్లిపోదామంటున్నానమ్మాయ్. వాళ్ల ఊరు బల్లపరుపుగా ఉంటుంది. వీధి ఎక్కడ పెట్టింది అక్కడే ఉంటుంది. గోడ పట్టుకుని తిరగొచ్చు."

"ఇక్కడ నేను లేనా?"

"ఉన్నావనే. రోజూ ఉద్యోగం మధ్యలో లేచి వస్తున్నావు. ఎవరూ ఏమీ అనకపోవచ్చు, నాకు తెలుస్తుంది కదా." ఆవిడ మజ్జిగ గ్లాసు కోసం తడిమి, దొరకబుచ్చుకుని తాగింది. "వానలు తగ్గాక వెళ్తాను. ఇప్పుడే కాదులే, తిను."

ఆ వారంలోనే ఆఫీసులో పెద్ద ఇంజనీరు కోడల్ని పిలిచాడు. ఆయన నిదానస్తుడు. మాట్లాడేముందు కళ్లజోడు తీసి తుడుచుకునేవాడు. కిందటి వానల్లో ఆ వీధిలో ఆసుపత్రి నర్సు ఒకామె డ్యూటీకి దిగుతూ జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆ తర్వాత స్కూటరు ఒకటి జారి రొట్టెల దుకాణంలోకి దూసుకెళ్లింది. ఈసారి వానలు ముదిరేలోగా ఆ వీధి పొడుగునా ఒక పక్కన, నడిచేవాళ్ల కోసం రంగు పట్టీ వేయాలని శాఖ నిర్ణయించింది.

"రంగు చూసి బండ్లవాళ్లు పక్కకి తప్పుకోవాలి. తడిలో కూడా నడిచేవాళ్ల కాలు నిలవాలి," అన్నాడాయన.

"వీధి లేచినప్పుడు సాగాలి కూడా, సార్."

"అవును. అది మొదట చెప్పాల్సింది." కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. "ఏ పూత వేద్దామో నువ్వే తేల్చమ్మా. నీ ఇంటి ముందు వీధి. నాకంటే నీకే బాగా తెలుసు."

చిన్న చిన్న పనుల్లో కోడలి మాట ఎప్పుడూ చెల్లేది గానీ ఇది పూర్తిగా ఆమె చేతిలో పెట్టిన పని. పైగా తలలో ఒకటే ఆలోచన తిరిగింది. అంచుల్లో మిగిలిన ఆ కాస్త చూపుకి ఆనేంత రంగు ఒకటి దొరికితే, అత్తయ్య దాన్ని పట్టుకుని వీధి చివరి దాకా ఒక్కతే వెళ్లగలదు. వెళ్లగలిగితే వెళ్లిపోదు.

నమూనాలు వేయడానికి మేస్త్రీ వచ్చాడు. లావుపాటి మనిషి, నవ్వితే భుజాలు ఊగేవి. కోడలి ఇంటి గుమ్మం ముందే రోడ్డు అంచున నాలుగు తలుపులంత చోటు కొలిచి, టేపులు అంటించి, ఒక్కో చోట ఒక్కో పూత వేయించారు. మొదటిది బాగా కాచి పోసే ప్లాస్టిక్ పూత, రోడ్ల మీద తెల్ల గీతలు వేసే జాతిదే. రెండోది రెండు డబ్బాల మందులు కలిపితే రాయిలా బిగుసుకునే ఎపాక్సీ. మూడోది నారింజ రంగు యాక్రిలిక్ పెయింటు. నాలుగోది ఆరాక కూడా రబ్బరులా కొంచెం సాగే రెసిన్. అది పచ్చిగా ఉండగానే దాని మీద గరుకు రాతి రవ్వ చల్లాలి.

రవ్వలో రెండు రకాలు తెచ్చారు. ఒకటి తెల్లరాయికి ఎర్ర రంగు వేసి ఆరబెట్టింది. చూడ్డానికి అదే ముద్దుగా ఉంది. కోడలు రెండింట్లోంచీ ఒక్కో రవ్వ తీసి సుత్తితో పగలగొట్టింది. రంగు వేసిన రవ్వ లోపల తెల్లగా ఉంది. రెండోది పుట్టుకతోనే ఎర్రరాయి. ఎంత చిన్న ముక్క చేసినా ఎర్రగానే ఉంది.

"ఇదైతే అరిగేకొద్దీ అదే రంగు బయటపడుతుంది," అంది కోడలు.

"మా పెద్దన్నయ్య లాంటిది. లోపలా అంతే, బయటా అంతే," అని మేస్త్రీ భుజాలు ఊపుతూ రవ్వ బస్తా విప్పాడు.

నాలుగు పూతలూ ఆరాయి. ఆ సాయంత్రమే వీధి లేచింది. మామూలుగా కాదు, కింద బజారు చివరి దుకాణం కనపడనంతగా లేచింది. కాచి పోసిన పూత చలికాలంలో పెదవి పగిలినట్టు అడ్డంగా పగిలింది. ఎపాక్సీ పగల్లేదు గానీ అంతకంటే పాడు పని చేసింది. తారుని గట్టిగా కరిచిపట్టుకుని, తను సాగక, తారు పైపొరనే ఊడబెరికి పెంకులా లేచి నిలబడింది. నారింజ పెయింటు మాత్రం వీధితో పాటే సాగింది. రెసిను కూడా సాగింది. దాని మీద రవ్వ ఒక్కటి కూడా రాలలేదు.

మర్నాడు ఎండగా ఉంది. అత్తగారు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. కోడలు చెప్పులు వేసుకుంటుంటే వెనకనుంచి, "అమ్మాయ్, అది నారింజ కదూ?" అంది.

కోడలు ఆగిపోయింది. ఎన్నో నెలలుగా ఆవిడ ఏ వస్తువునీ తనంతట తాను పోల్చుకుని చెప్పలేదు.

"కనపడుతోందా అత్తయ్యా?"

"ఎదురుగా చూస్తే లేదు. ఇలా కొంచెం పక్కకి తిరిగితే, అదిగో, నిప్పు పెట్టినట్టుంది." ఆవిడ మెడ పక్కకి తిప్పి, నవ్వుతూ కూర్చుంది.

"దాని పక్కన ఇంకోటుంది. ఎర్రది. కనపడుతోందా?"

"లేదే. అక్కడంతా ఒకటే బూడిద రంగు."

కోడలు ఆఫీసుకి దాదాపు పరిగెత్తింది. పెయింటు దొరికింది. సాగుతుంది, కనపడుతుంది, ఒక్క పూటలో ఆరుతుంది. మిగిలింది జారుడు పరీక్ష ఒక్కటే. గడియారం లోలకంలా ఊగే ఇనుప చెయ్యి ఒకటి, దాని చివర చెప్పు అడుగులాంటి రబ్బరు ముక్క. తడిపిన పూత మీద అది రాసుకుంటూ పోయినప్పుడు ఎంత ఆగితే పూత అంత మంచిదన్నమాట. నారింజ పూత వేసిన పలక మీద నీళ్లు చల్లి ఇనుప చెయ్యిని వదిలింది. సబ్బుబిళ్ల మీద వేలు పోయినట్టు రబ్బరు జర్రున జారిపోయింది. పలక మార్చి చూసింది. అంతే. పెయింటు మీద రవ్వ చల్లి చూసింది. రబ్బరు కాస్త నిలిచింది గానీ, గట్టి చీపురుతో ఊడిస్తే రవ్వంతా చీపురుతో పాటే వచ్చేసింది. పెయింటు పొర అంత పలచన, దానికి రాయిని పట్టుకునే శక్తి లేదు. ఎర్రరాయి రెసిను మీద మాత్రం రబ్బరు ముక్క ఊగి ఊగకముందే ఆగిపోయింది.

ఆమె యంత్రం ముందు కుర్చీలో చాలాసేపు కూర్చుంది. నర్సు విరిగిన చెయ్యి ఆమె కళ్లారా చూసింది. కట్టు కట్టించుకున్న చేత్తోనే ఆ పిల్ల వాళ్ల నాన్నకి అన్నం కలిపి పెట్టడం కూడా చూసింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఉన్నది ఉన్నట్టు చెప్పింది. చెప్తున్నంతసేపూ గోళ్లలో ఇరుక్కున్న నారింజ రంగుని గీకుతూనే ఉంది.

"మరి నాకు కనపడుతోందని ఆ జారుడుబండ వేస్తావా వీధికి?" అంది అత్తగారు.

"వేయను. వేయలేను."

"ఆ మాత్రానికి మొహం అలా ఎందుకు పెట్టుకున్నావు?"

"నా మొహం మీకెలా కనపడింది?"

"గొంతుకి కూడా మొహం ఉంటుందమ్మాయ్." ఆవిడ చెయ్యి చాపింది. కోడలి చెయ్యి దొరికాక గోళ్ల మీద వేలు పెట్టి రాసింది. "గట్టిది ఏదో అదే వెయ్యి. నేనెలాగూ వెళ్లిపోయేదాన్ని."

తర్వాత రెండు మూడు రోజులు కోడలు ఏ పనిలోనూ నిలకడగా లేదు. ఎర్రరాయి పూతే వేద్దామని ఆఫీసులో చెప్పేసింది. ఇంజనీరు సరేనన్నాడు. సరైన పనే చేసింది గానీ, చేసినందుకు సంతోషం మాత్రం రాలేదు.

ఇంతలో ఒక పొద్దున పెద్ద వాన కురిసి వెలిసింది. ఆకాశం తెల్లగా, వెలుగుగా ఉంది. అత్తగారు గుమ్మంలో కూర్చుని చల్లగాలికి మొహం పెట్టింది. లోపల టిఫిన్ డబ్బా మూత పెడుతున్న కోడలికి ఆవిడ గొంతు వినిపించింది.

"ఆ నారింజని తీయించేశారా?"

"లేదు, అక్కడే ఉంది."

"కనపడదేం? అక్కడ అద్దం ముక్క పెట్టినట్టు తెల్లగా మెరుస్తోంది. కళ్లలో గుచ్చుకుంటోంది." మెడ ఇంకొంచెం తిప్పింది. "దాని పక్కన ఎర్రగా... అదేమిటి? తలుపంత ఉంది. అంచులు కూడా తెలుస్తున్నాయి."

కోడలు డబ్బా అక్కడే వదిలేసి గుమ్మంలోకి వచ్చింది. అత్తగారి పక్కన నేల మీద కూర్చుని, ఆవిడ తల ఎటు తిప్పిందో తనూ అటే తిప్పి చూసింది. తడిసిన తారు నున్నగా మెరుస్తూ ఆకాశపు వెలుగుని ఎగజిమ్ముతోంది. నారింజ పెయింటు అంతకంటే ఎక్కువ మెరుస్తోంది. గరుకు రాయి ఒక్కటే మెరవడం లేదు. నీళ్లు తాగి, లోపలి ఎరుపంతా బయటికి తెచ్చుకుని, దానిమ్మ గింజల రంగులో నిశ్చలంగా ఉంది.

ఆ సంగతి ఆమెకి తెలియాల్సిందే. తడిస్తే రాయి రంగు ముదురుతుందని ఎన్నిసార్లు చూడలేదు? కానీ పరీక్షగదిలో తడిపి జారుడు చూసింది, పొడిగా ఉన్నప్పుడు రంగు చూసింది. తడిగా ఉన్నప్పుడు ఆ కళ్లకి ఏం కనపడుతుందో చూడాలని తోచలేదు.

"మరి పొడిగా ఉన్నప్పుడు?" అంది కోడలు, తనలో తాను అనుకుంటున్నట్టు.

"ఒకసారి పట్టుకో నన్ను," అని అత్తగారు లేచింది. చెప్పులు లేకుండానే కోడలి భుజం పట్టుకుని మెట్టు దిగి, ఎర్రపూత మీద కాలు పెట్టింది. కొంచెం పక్కకి జరిపింది, తారు మీదికి. మళ్లీ పూత మీదికి. "పొడిగా ఉంటే కాళ్లు చూస్తాయిలే. అంచు ఎక్కడుందో బాగా తెలుస్తోంది. గుడ్డ మడతలాగా."

ఆ మధ్యాహ్నమే పెద్ద ఇంజనీరు నమూనాలు చూడ్డానికి స్వయంగా వచ్చాడు. వంగి, ఎర్రపూత మీద అరచెయ్యి పెట్టి నొక్కి చూసి తృప్తిపడ్డాడు గానీ, ఆయనకి ఒక సందేహం ఉంది. పూత వేసే రోజున వీధి ఎంత ఎత్తున ఉండాలి? పడుకున్నప్పుడు వేస్తే లేచినప్పుడు మరీ సాగాల్సి వస్తుంది. లేచినప్పుడు వేస్తే దిగినప్పుడు ముడతలు పడుతుంది. కోడలూ ఆయనా గుమ్మం దగ్గర నిలబడి అదే చర్చించుకుంటున్నారు.

లోపల్నుంచి అత్తగారు మంచినీళ్లు తెచ్చి ఇస్తూ అంది. "కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు చాతీ దగ్గర టేపు పెట్టగానే ఊపిరి బిగబడతారు బాబూ. బిగబట్టినప్పుడు తీసినా తప్పే, పూర్తిగా వదిలినప్పుడు తీసినా తప్పే. మామూలుగా మాట్లాడుతుండగా మధ్యలో తీసేదాన్ని నేను."

ఇంజనీరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అలాగే చేద్దామమ్మా. సగం లేచిన రోజు చూసి," అన్నాడు. నీళ్లు తాగి, ఖాళీ గ్లాసు ఆవిడ చేతికి తగిలేలా జాగ్రత్తగా అందించాడు.

సగం లేచిన రోజు కోసం మేస్త్రీ, అతని మనుషులు సామాను సర్దుకుని కాచుకున్నారు. అలాంటి రోజు వచ్చింది. ఎండ కూడా కాసింది. రోడ్డు ఊడ్చి, కడిగి, ఆరబెట్టి, కింద బజారు నుంచి మొదలుపెట్టి ట్యాంకు దాకా రెసిను పరుస్తూ, రవ్వ చల్లుతూ పోయారు. ఎర్రరవ్వ జల్లుజల్లున పడుతుంటే జనం గుమ్మాల్లోకి వచ్చి చూశారు. పని జరిగినంతసేపూ వీధి పైకి గానీ కిందికి గానీ జరగలేదు. కొలతలిచ్చే మనిషిలా ఓపిగ్గా నిలబడింది. ఆరాక, వదులుగా ఉన్న రవ్వ ఊడ్చేసి, అడ్డంగా కట్టిన తాళ్లు తీసేశారు. అప్పుడు వీధి ఒకసారి మెల్లగా లేచి, మెల్లగా దిగి, మళ్లీ తన దారిన తాను ఉండిపోయింది. పూత ఎక్కడా చెక్కు చెదరలేదు.

"వీధికి హాయిగా ఉన్నట్టుంది," అన్నాడు మేస్త్రీ, చెమట తుడుచుకుంటూ.

వానలు తగ్గుముఖం పట్టాయి. అత్తగారి పెట్టె సర్దడం దాదాపు అయిపోయింది. చెల్లెలికి చెప్పేశారు. కోడలు ఆగమని అడగలేదు. ఎన్నో రకాలుగా అడగాలనుకుంది గానీ, ఇన్నేళ్లు తన కోసం బతికిన మనిషిని ఇంకా నా కోసం ఉండమనడానికి నోరు రాలేదు. ప్రయాణానికి ముందురోజు సాయంత్రం చీరలు మడత పెడుతుంటే అత్తగారు, "ఒకసారి కిందిదాకా వెళ్లొస్తాను," అంది.

"ఉండండి, చెప్పులు వేసుకుంటాను."

"నువ్వెందుకు? అంత కష్టపడి దారి వేసింది నేను నడవడానికి కాదూ? ఒక్కదాన్నే వెళ్తాను."

ఆరోజు వీధి బాగా లేచి ఉంది. కోడలు వెనకే మెట్టు దిగబోయింది. అయినా గుమ్మంలోనే నిలబడింది. అత్తగారు మెట్టు దిగి, పాదంతో వెతికి, ఎర్రపట్టీ మీదికి ఎక్కింది. కాసేపు అలాగే నిలబడింది. తర్వాత ఒక అడుగు వేసింది.

వీధి దిగింది.

తొందరేమీ లేకుండా దిగింది. ఆవిడ కాలు ఎత్తినప్పుడు ఆగి, కాలు మోపినప్పుడు దిగుతూ, పక్కన నడిచే మనిషి అడుగు కలిపినట్టు దిగింది. నర్సు వాళ్ల ఇల్లు దాటేసరికి ఏటవాలు సగమయింది. బజారు దగ్గరికి వెళ్లేసరికి వీధి మొత్తం చాపలా పడుకుంది. అత్తగారు రొట్టెల దుకాణం ముందు ఆగి, ఏదో మాట్లాడి, పొట్లం చంకలో పెట్టుకుని వెనక్కి తిరిగింది. వచ్చేటప్పుడు కూడా వీధి అలాగే పడుకుని ఉంది. ఆవిడ లోపలికొచ్చి చెప్పులు విడిచాక మెల్లగా లేచి, మునుపున్న చోటికి పోయింది.

"రొట్టెలాయన నన్ను చూసి ఎంత సంతోషపడ్డాడో," అంది అత్తగారు. మొహం మీద చెమట మెరుస్తోంది. "కొత్త రొట్టె అప్పుడే తీశాడట. వేడిగా ఉంది చూడు."

కోడలు రొట్టె పట్టుకుని నిజంగానే వేడిగా ఉందో లేదో చూడకుండా అలాగే నిలబడింది.

మర్నాడు పొద్దున్నే తలుపు తట్టిన చప్పుడైంది. నర్సు. డ్యూటీ బట్టల్లో ఉంది.

"పిన్నిగారూ, ఇవాళ కూడా బయటికి వెళ్తారా?" అని అడిగింది.

"ఇవాళ నా ప్రయాణమమ్మా. సాయంత్రం బస్సు. ఏం?"

నర్సు కొంచెం తటపటాయించింది. "నిన్న మీరు వెళ్లినప్పుడు వీధి దిగింది కదా. మా నాన్న కిటికీలోంచి చూశారు. చక్రాల కుర్చీలో కూర్చున్నప్పటి నుంచి ఆయన బజారు చూడలేదు. ఈ ఏటవాలులో కుర్చీ పట్టుకోవడం నా వల్ల కాదు. మీరు ప్రయాణానికి ముందు ఒక్కసారి వెళ్తానంటే, వెనకాలే ఆయన్ని తీసుకొస్తాను."

"దానికేముంది, ఇప్పుడే వెళ్దాం," అని అత్తగారు చెప్పుల కోసం తడిమింది.

ఆవిడ ముందు నడిచింది. వెనక నర్సు కుర్చీ తోసుకుంటూ నడిచింది. ముసలాయన ఒడిలో చేతులు పెట్టుకుని రెండు పక్కలా ఉన్న ఇళ్లని పేరుపేరునా పలకరిస్తూ పోయాడు. వీధి దిగడం చూసి రొట్టెలాయన బండి తోసుకుంటూ పైకి వచ్చాడు. ఎవరో ఎన్నాళ్లుగానో కింద ఆపేసిన బీరువాని మనుషుల్ని పిలిచి పైకి మోయించారు. నిండు నెలలతో ఉన్న ఒకామె, డాక్టరు నడవమన్నా భయపడి నడవనామె, తల్లి చెయ్యి పట్టుకుని ఎర్రపట్టీ మీదికి వచ్చింది. బజారులో ముసలాయన దుకాణాలన్నీ తిరిగి చూసి, కొనడానికి ఏమీ తోచక ఒక దువ్వెన కొనుక్కున్నాడు. ఆయన నెత్తి మీద దువ్వడానికి పెద్దగా ఏమీ లేదు. నర్సు అటు తిరిగి కళ్లు తుడుచుకుని, ఇటు తిరిగి నవ్వింది.

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నమయింది. గుమ్మంలో ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నారు. రేపు గ్యాస్ బండ వస్తుందట. ఎల్లుండి ఎవరింటికో కుర్చీలు రావాలట. "మీకు వీలైనప్పుడే," అన్నారు, ఇబ్బంది పడుతూ.

అత్తగారు వాళ్ల మాటలు విని, రేపు పొద్దున్నే వస్తానని ఒకరికి, ఎల్లుండి సాయంత్రమని ఇంకొకరికి చెప్పింది. చెప్పాక గానీ తనేం చెప్పిందో ఆవిడ గమనించలేదు.

సాయంత్రం చెల్లెలు ఫోన్ చేసింది. గొంతు పెద్దది. పక్కగదిలో ఉన్న కోడలికి కూడా వినిపించింది. బస్సు ఎక్కావా లేదా అని అడుగుతోంది.

"లేదే," అంది అత్తగారు. "రేపు పనుంది. ఎల్లుండి కూడా పనుంది."

"నీకు పనేమిటక్కా? కళ్లు కనపడవంటివి కదా?"

"కనపడవు. అయినా తీరిక ఉండటం లేదు." ఆవిడ గొంతు కొంచెం తగ్గించింది. "నేను రాను లేవే. కావాలంటే నువ్వే రా. మా వీధి చూద్దువు గాని. మా కోడలు వేసింది."

ఆవిడ ఫోన్ పెట్టేసింది. కోడలు వచ్చి అత్తగారి పక్కన మంచం మీద కూర్చుంది. ఏదో చెప్పాలని నోరు తెరిచింది. ఇన్నేళ్లు చెప్పని మాట "అత్తయ్యా" దగ్గరే ఆగిపోయింది.

అత్తగారు చెయ్యి చాపి ఆమె నుదుటి మీద పెట్టింది. కాసేపు అలాగే ఉంచి, జ్వరమేమీ లేదని తేల్చుకున్నాక కూడా తియ్యలేదు.